పోలిరాజు విధేయత

మన తెలుగు క్రైస్తవ సంఘానికి యాభై ఏళ్లు నిండాయి కాబట్టి ఒక పుస్తకం వేస్తున్నామనీ, అందులోకి సంఘంలోని మంచివాళ్ల జీవితాలు రాసి ఇమ్మనీ కుర్రాళ్లు నన్ను అడిగారు. నలుగురివి రాసి ఇచ్చాను. ఇది ఐదోది. ఇది మంచివాడి జీవితం కాదు. పుస్తకంలో వేస్తారో, పక్కన పడేస్తారో వాళ్ల ఇష్టం. రాయకుండా ఉండడం నా వల్ల కాలేదు. ఎందుకంటే వచ్చే కుటుంబ ఆదివారం నాడు పిల్లలు తల్లిదండ్రులను సన్మానించి లోబడడం గురించి పోలిరాజు ప్రసంగిస్తాడని మొన్న గుడి గోడకి కాగితం అంటించారు. ఆ కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదివాను. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివాను. అదే పేరు.

కొత్తగా వచ్చినవాళ్లకి నేనెవరో తెలియకపోవచ్చు. నా పేరు గురువులు. సోంపేట దగ్గర పల్లెలో ఐదో తరగతి చదివాను. అప్పటి ఐదో తరగతి, ఇప్పటి కాలేజీ చదువు పక్కన పెట్టి చూడండి, ఏది బరువో తెలుస్తుంది. యాభై ఒకటో సంవత్సరంలో ఈ బెంగాలీ దేశానికి, ఖిదిర్‌పూర్ రేవుకి వచ్చి మూడేళ్లు బస్తాలు మోశాను. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు క్రేను నడిపాను. నా క్రేను కింద ఒక్క మనిషికి గీత పడలేదు. ఏక్‌బాల్‌పూర్‌లో అద్దె గదిలో పదకొండు మందితో ఈ సంఘం మొదలుపెట్టిన వాళ్లలో ఇప్పుడు బతికున్నది నేనొక్కణ్ణే. కౌన్సిలరు ఆఫీసు మెట్ల మీద మూడు రోజులు కూర్చుని మా బస్తీకి కొళాయి తెచ్చింది నేనే. ముప్పై రెండేళ్లు ఆదివారం బడి నడిపి నూట నలభై మంది పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దించాను. ఆ నూట నలభైలో నేను అక్షరం ఎక్కించలేకపోయింది ఒక్కడికే. ఆ ఒక్కడే పోలిరాజు.

ఇప్పుడు అతన్ని చూసినవాళ్లు నమ్మరు. మావగారు కట్టిపెట్టిన బట్టల దుకాణం, మెడ కింద రెండో గడ్డం, జేబులో జేగురురంగు పెన్ను. తండ్రి సూరన్న పోయి పదేళ్లయింది. సమాధి దగ్గర ఈ పెద్దమనిషి అరగంట మాట్లాడాడు. "మా నాన్న మాట నేను ఏనాడూ దాటలేదు" అని ఆ అరగంటలో ఆరుసార్లు అన్నాడు. నేను లెక్కపెట్టాను. మాట నిజమే. నా కోపమంతా అందుకే.

చిన్నప్పటి నుంచీ అంతే. "ఒరే పోలిరాజూ, కొళాయి కాడ లైన్లో బిందెట్టి రా" అని సూరన్న అంటే, "అలాగే నాన్నా" అనేవాడు, గొంతులో తేనె పోసుకున్నట్టు. బిందె మాత్రం గడప దాటేది కాదు. కాసేపటికి చెల్లెలు సుందరి ఆ బిందె ఎత్తుకుని, "నానెల్లను. నానేటి ఈ ఇంటికి పనిమనిసినా?" అని వీధంతా వినబడేలా అరుచుకుంటూ వెళ్లి లైన్లో నిలబడేది. బస్తీ జనానికి చెవులే గానీ కళ్లు ఎక్కడివి? సూరన్న కొడుకు బంగారమనీ, కూతురు గయ్యాళి అనీ చెప్పుకున్నారు.

ఒక ఏడాది పిల్లల పండగలో పది ఆజ్ఞలు అప్పజెప్పే పోటీ పెట్టాను. పోలిరాజు 'నీ తండ్రిని, నీ తల్లిని సన్మానించుము' అనే ఐదో ఆజ్ఞ దగ్గరికి రాగానే ఆగాడు. జనంలో కూర్చున్న తల్లిదండ్రుల వైపు తిరిగి, చేతులు జోడించి, గొంతు వణికించి చెప్పాడు. ఆడవాళ్లు కొంగులు కళ్లకి అద్దుకున్నారు. నా చేత్తోనే స్టీలు గ్లాసు బహుమానం ఇచ్చాను. తెలుగు అక్షరం ముక్క రాని ఆ పిల్లవాడు, రోజూ సుందరి పైకి చదువుతుంటే పక్కన పడుకుని విని నేర్చుకున్నాడని తర్వాత తెలిసింది. నా జీవితంలో చేసిన తప్పుల్లో ఆ గ్లాసు ఒకటి. మిగతావి చెప్పుకోదగ్గవి లేవు.

ఇక సూరన్న సంగతి. ఓడల్లోంచి సరుకు దించే ఒక చిన్న కంపెనీలో అతను వించి, అంటే తాడుతో బరువులెత్తే ఆవిరి యంత్రం, నడిపేవాడు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. వించి దగ్గర కూర్చున్నవాడికి ఓడ కడుపులో ఏం జరుగుతోందో కనబడదు. పైన అంచున నిలబడినవాడు "ఆరియా" అంటే కిందికి దించాలి, "హబీస్" అంటే పైకి లాగాలి. ఆ రెండు మాటలూ ఆవిరి చప్పుడులో, వానలో, నాలుగు వించులు ఒక్కసారి మోగుతుంటే వినాలి. ఒక మాటకి బదులు ఇంకో మాట అనుకుంటే కింద ఉన్నవాడి తల మీద రెండు టన్నులు పడతాయి. ఇరవై ఆరేళ్లలో సూరన్న ఒక్కసారి కూడా పొరబడలేదు. క్రేను నడిపినవాణ్ణి నేను చెబుతున్నాను, అలాంటి చెవులు రేవు మొత్తానికి ఇంకో జత లేవు.

ఆ చెవుల మీదే కొడుకు కన్ను పడింది.

ఎనభై ఎనిమిదో సంవత్సరం అది. పోలిరాజుకి ఇరవై ఏడేళ్లు. పొద్దున వాట్‌గంజ్ క్లబ్బులో క్యారమ్స్, మధ్యాహ్నం యూనియన్ ఆఫీసులో దాదాలకి, అంటే నాయకులకి, టీ అందించడం, ఊరేగింపు ఉంటే ఎర్రజెండా పట్టుకోవడం. జెండా కూడా బరువని నడి వరసలో నడిచేవాడు, అక్కడ చిన్న జెండాలిస్తారు. పని ఏది అని అడిగితే, "దాదా సూస్తానన్నాడు పెద్దయ్యా" అనేవాడు. దాదా తొమ్మిదేళ్లుగా చూస్తూనే ఉన్నాడు.

సూరన్న కంపెనీలో ఒక నియమం ఉండేది. యాభై అయిదు దాటకముందే జబ్బు వల్ల పనికి పనికిరాకుండా పోతే, ఆ మనిషిని ఇంటికి పంపి ఒక కొడుక్కి పని ఇచ్చేవారు. చెయ్యి తెగినవాడి కోసం, ఊపిరి తిరగనివాడి కోసం పెట్టిన మంచి నియమం. మనవాళ్లు దానికి వేరే వాడకం కనిపెట్టారు. 'అన్‌ఫిట్ అవడం' అని దానికి పేరు. ఫలానావాడు ఎలా ఉన్నాడంటే, 'అన్‌ఫిట్ అవుతున్నాడు' అని, పెళ్లి కుదిరినంత సంతోషంగా చెప్పేవారు. మా బస్తీలో ఒక్క ఏడాదిలో నలుగురికి చెవుడు వచ్చింది. నలుగురి ఇళ్లలోనూ పనిలేని పెద్దకొడుకులున్నారు. పని కొడుక్కి వచ్చిన నాడు నలుగురి చెవులూ బాగయ్యాయి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, సూరన్న ఇంట్లో అన్నాల దగ్గర పోలిరాజు తండ్రి కాళ్లకి దండం పెట్టాడు. ఆ మాటలు నాకు సూరన్నే తర్వాత పూస గుచ్చినట్టు చెప్పాడు.

"నాన్నా, నీ మాట నానేనాడైనా దాటానా?"

"దాటనేదు."

"మరైతే నాకో దారి సూపించు. సెవుడని ఒక్క మాట సెప్పేయ్. నువ్వింటికాడ సుకంగా కూకుంటావ్, నాను నీ పేరు నిలబెడతాను."

"నాకు ఇనిపిస్తాది కదరా."

"ఇనిపిస్తే ఇనిపించనీ. ఎవుడికి తెలుస్తాది?"

"దేవుడికి తెలుస్తాది," అంది పొయ్యి దగ్గర నుంచి సుందరి.

"నువ్ నోర్ముయ్యే! నాన్నా, నీ కూతుర్ని సూడు, పెద్దోల మద్దిన ఎలాగ నోరెడతందో."

తల్లి దాలమ్మ కూడా కొడుకు వైపే. "ఆడికీడొచ్చింది. పనినేనోడికి పిల్లనెవుడిస్తాడు? నీ సెవులు నువ్వేటి సొర్గానికి అట్టుకెల్తావా?" అంది.

సూరన్న ఒప్పుకోలేదు. పోలిరాజు ఎదురు చెప్పలేదు, అలగలేదు. "అలాగే నాన్నా, నీ ఇష్టం" అన్నాడు. అని, ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం ముట్టుకోవడం మానేశాడు. క్లబ్బులో ఘుగ్నీ బఠాణీలు తిని వచ్చి, ఇంటి ముందు తలకింద చెయ్యి పెట్టుకుని పడుకుని, "నాకేటి వద్దమ్మా, నాన్న తింటే సాలు" అనేవాడు. మూడు వారాలు గడిచేసరికి కొంచెం ఒళ్లు చేశాడు కూడా. తల్లికి మాత్రం చిక్కి సగమైనట్టు కనిపించాడు. నాలుగో వారంలో సూరన్న లొంగిపోయాడు. ఓడలో రెండు టన్నులు గాల్లో నిలబెట్టగలవాడు, కొడుకు ఒట్టి కంచం ముందు నిలబడలేకపోయాడు. ఆ సంగతి అతనికి నేను మొహం మీదే చెప్పాను.

అర్జీ వెళ్లింది. కంపెనీ డాక్టరు ముందు హాజరవమని కాగితం వచ్చింది. చెవిటివాణ్ణే అడిగితే లాభం లేదు కాబట్టి, ఇంట్లో అతను ఎలా ఉంటాడో చెప్పడానికి కుటుంబంలో ఒకరు రావాలి. ఉద్యోగం ఆశించే కొడుకు రాకూడదు. దాలమ్మకి బెంగాలీ రాదు. బెంగాలీ బడిలో పది పాసైన సుందరి ఒక్కతే మిగిలింది. అప్పుడా పిల్లకి ఇరవై మూడేళ్లు. గార్డెన్‌రీచ్‌లో పనిచేసే జానకిరామ్‌తో జనవరిలో పెళ్లి ఖాయమైంది.

సూరన్న కూతుర్ని పిలిచి, "అమ్మా, రెండేల్లయి ఇనిపించట్నేదని సెప్పు. నాను సెప్తన్నాను, నా మాట" అన్నాడు. ఆమె మొహంలోకి చూడలేదట.

ముందురోజు సుందరి నా దగ్గరికి వచ్చింది. గుడిలో చాపలు దులుపుతున్నాను.

"పెద్దయ్యా, నాన్న మాట ఇంటే అబద్దమవుతాది. ఇనకపోతే ఐదో ఆజ్ఞ దాటినట్టు. నానేటి సెయ్యను?"

"నాన్న మాట దాటకు. అబద్దమాడకు," అన్నాను.

"రెండూ ఎలాగవుతాది?"

"అది నీ తెలివి. పది సదివినావు కదా."

"మీరు పెద్దోలు. మీకు తెలవదేటి?" అని విసురుగా చాప రెండో కొస పట్టుకుని నాతో పాటు దులిపింది. అంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు. ఇప్పుడూ లేదు.

డాక్టరు బెంగాలీ ఆయన, తలనెరిసినవాడు. సూరన్నని గోడ వైపు తిప్పి స్టూలు మీద కూర్చోబెట్టాడు. వెనక చప్పట్లు కొట్టాడు. పేరు పెట్టి పిలిచాడు. సూరన్న కదలలేదు. కొడుకు బాగానే నేర్పాడు. అప్పుడు డాక్టరు సుందరిని "కొబే థేకే?", ఎప్పటి నుంచి, అని అడిగాడు. మళ్లీ అడిగాడు. ఆమె డాక్టరుకి కాక తండ్రి వీపుకి చెప్పింది, ఏడుస్తూ, పక్కనున్నవాడికి కూడా వినబడనంత చిన్నగా, తెలుగులో.

"నాన్నా, నాను సెప్పనేను. నా వల్ల కాదు నాన్నా."

"సరేనే అమ్మా, ఏడకు. ఎల్పోదాం పద," అన్నాడు సూరన్న, గోడ వైపు చూస్తూనే.

డాక్టరుకి తెలుగు రాదు. రావలసిన అవసరం లేకపోయింది. ఆయన కాసేపు నవ్వి, తర్వాత నవ్వు ఆపి, 'వినికిడి బాగుంది, పనికి రావచ్చు' అని రాసి పంపేశాడు. ఇంకొకడైతే పోలీసుదాకా తీసుకెళ్లేవాడు.

బస్సు దిగే చోట పోలిరాజు సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని నిలబడి ఉన్నాడు. సంగతి విన్నాడు. తండ్రిని ఒక్క మాట అనలేదు. "అలాగా నాన్నా" అన్నాడు. ఆ పొట్లం ఇంటికి రాలేదు, క్లబ్బులో దాని అట్టపెట్టె దొరికింది.

వారం తిరక్కుండా సంఘ పెద్దలకి అతని ఫిర్యాదు అందింది. తన చెల్లెలు పరాయివాడి ఎదుట తండ్రి ఆజ్ఞ మీరింది కాబట్టి, ఆమెని గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల నుంచి ఆపాలని కోరాడు. బల్ల నుంచి ఆపినవాళ్లకి మన గుడిలో పెళ్లి చెయ్యరు. పోలిరాజుకి ఆ సంగతి తెలుసు. జానకిరామ్ తండ్రి గుడిలో కాకపోతే పెళ్లే వద్దనే మనిషి. ఆ సంగతీ తెలుసు.

గురువారం సాయంత్రం అయిదింటికి ఆరుగురు పెద్దలం కూర్చున్నాం. పాస్టరు అయ్యగారు నెలకోసారి వచ్చేవారు కాబట్టి అధ్యక్షత నాదే. ఫిర్యాదు చేసినవాడు దాన్ని తానే చదవకూడదని నియమం. ఆ నియమం పెట్టిందీ నేనే; చదివేటప్పుడు కథలు కలుపుతారు. కాగితం విప్పాను. మాటలు తెలుగువే, అక్షరాలు మాత్రం బెంగాలీ బడిలో నేర్చిన బెంగాలీవి. ముప్పై రెండేళ్ల బడికి అది నాకు దక్కిన మర్యాద. మా ఆరుగురిలో ఎవరికీ ఆ అక్షరాలు రావు. ఆ గదిలో అవి చదవగలిగింది పోలిరాజు కాక ఒక్కతే, ముద్దాయి.

"సదువమ్మా," అన్నాను.

సుందరి లేచి చదివింది. తన మీద రాసినది తానే, ఒక్క మాట మింగకుండా. "ఈ గుంట బరితెగించింది" అన్నచోట కూడా గొంతు తగ్గించలేదు. "కన్నతండ్రి పరువు డాక్టరు కాళ్లకాడ పడేసింది" అన్నచోట మాత్రం ఆగి, "ఇక్కడ అక్షరం తప్పు రాసాడు పెద్దయ్యా, దిద్దమంటారా?" అంది. పెద్దల్లో ఒకడైన బైరాగి నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

సూరన్నని పిలిచాను. "సూరన్నా, సెవుడని సెప్పమని నువ్వే సెప్పావా?"

"సెప్పాను."

"అది ఇన్నాదా?"

"ఇన్నేదు."

"సూసారా!" అని పోలిరాజు లేచాడు. "నాన్నే ఒప్పుకున్నాడు. ఇంకేటి కావాల?"

"ఒరే, కూకో," అన్నాడు సూరన్న.

"అలాగే నాన్నా," అని కూర్చున్నాడు.

సూరన్న తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. "గురువులన్నా, కూతురి నోట అబద్దమాడించి కొడుక్కి కూడెట్టాలనుకున్నాను. నా మాట ఇని ఉంటే దాని మొకం నాను మల్లా సూడనేకపోదును. దాన్నేటి ఆపడం? బల్ల కాడ కూకోడానికి తగనోడు నాను. నన్నాపండి."

అప్పుడు బైరాగి, "మరి ఈ కొడుకు సంగతేటి? ఎక్కించింది ఈడు కదా?" అన్నాడు.

"నానేటి సేసాను బావూ?" అన్నాడు పోలిరాజు, చేతులు జోడించి. "నానెక్కడైనా అబద్దమాడానా? డాక్టరు కాడికెల్లానా? నాన్న ఒద్దంటే సరేనన్నాను. నాన్న ఎల్తానంటే సరేనన్నాను. తండ్రికి లోబడ్డం తప్పయితే, సెప్పండి, ఒప్పుకుంటాను."

అతని కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. నలభై ఏళ్లలో రేవులో దొంగల్ని చూశాను, తాగుబోతుల్ని చూశాను, బస్తా కింద కాలు పెట్టి డబ్బు అడిగినవాళ్లని చూశాను. వాళ్లలో ఎవడితోనైనా ఒక కంచంలో తింటాను.

కానీ రాతపూర్వకంగా ఫిర్యాదు లేకుండా ఎవరి మీదా చర్య తీసుకోకూడదు. అదీ నా నియమమే. "సుందరీ, నువ్వు రాసి ఇస్తావేటమ్మా? ఇప్పుడే, ఇక్కడే?" అని కాగితం ముందుకి తోశాను. ఆమె పెన్ను అందుకుంది. తండ్రి వైపు చూసింది. సూరన్న తల అడ్డంగా ఊపాడు, ఒక్కసారి.

సుందరి పెన్ను కింద పెట్టింది. "నాన్న ఒద్దంతన్నాడు పెద్దయ్యా."

"నీకు రాయాలని ఉందా నేదా?"

"ఉంది," అంది. "మా బాగా ఉంది." అని వెళ్లి తండ్రి వెనక నిలబడింది.

తానే కోరుకున్నాడు కాబట్టి సూరన్నని మూడు నెలలు బల్ల నుంచి ఆపుతూ తీర్మానం రాశాను. సుందరి పేరు పక్కన 'దోషం లేదు' అని రాశాను. పోలిరాజు గురించి రాయడానికి నియమం నాకు చోటు ఇవ్వలేదు.

ఆ డిసెంబరు మొదటి ఆదివారం బల్ల పరిచాం. సూరన్న గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. రొట్టె పళ్లెం ఆ వరసకి వచ్చినప్పుడు చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు, పొరపాటున చాస్తానేమోనని. సుందరి అతని పక్కనే కూర్చుని తన ముక్క తీసుకుంది. ఏడవలేదు, తల దించుకుంది.

ముందు వరసకి పళ్లెం పట్టింది నేను. అక్కడ ఇస్త్రీ చొక్కాతో, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ పోలిరాజు కూర్చున్నాడు. నేను అతని ముందు ఆగాను. పళ్లెం కిందికి దించలేదు. వెనక జనం చూస్తున్నారు. అతను ఒక కన్ను తెరిచాడు.

"ఏటి పెద్దయ్యా?" అన్నాడు, మెల్లగా, మర్యాదగా.

దించాను. రెండో కన్ను కూడా తెరిచి, పళ్లెంలో ఉన్నవాటిలో పెద్ద ముక్క ఏరి తీసుకున్నాడు.